రంగుల ఖాతాకు పోయే ఆవిరి

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో వరంగల్‌లోని ఒక బట్టల మిల్లులో నేను పవర్‌హౌస్ ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఎండాకాలం రాగానే హైదరాబాదు కాలేజీ నుంచి ఇంజనీరింగు కుర్రాళ్ళు మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చేవారు. నేర్చుకోవడమనేది కాగితం మీది మాట. చొక్కా ఇస్త్రీ నలగకుండా కొన్నాళ్ళు గడిపి, మేనేజరు చేత సంతకం పెట్టించుకుని పోవడమే వాళ్ళకు కావలసింది.

వాళ్ళకు పాఠం చెప్పే పని నా నెత్తిన పడింది. మా మిల్లులో ఆవిరి రెండు పనులు చేసేది. బాయిలర్లో పుట్టి ముందు ఇంజన్ను తిప్పి కరెంటు ఇచ్చేది. ఇంజన్ దాటాక కూడా దానిలో బోలెడు వేడి మిగిలేది. అదే ఆవిరి గొట్టాల్లో రంగుల ఖాతాకు పోయి, నూలు ముంచే రంగు తొట్లను మరిగించేది. కాబట్టి ఆ ఇంజన్ పనితనాన్ని ఒక్క కరెంటుతో కొలవకూడదు, రంగుల ఖాతాకు అందిన వేడిని కూడా లెక్కలో వేయాలని చెప్పాను. అన్నం వండిన పొయ్యి మీదే స్నానానికి నీళ్ళు కాచుకునే ఏ ఇల్లాలికీ ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 

“ఇది ఇమ్తిహాన్ల వస్తదా సార్?” అన్నాడొకడు, దువ్వెన జేబులో పెట్టుకుంటూ.

“పరీక్షలో రాదు” అన్నాను.

అందరూ పెన్నులకు మూతలు పెట్టేశారు.

వారం తిరక్కుండా వాళ్ళ ప్రొఫెసరు దిగాడు. విలాయతులో చదివి వచ్చినవాడు. వరంగల్ ఎండలో మెడకు టై బిగించుకుని, ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, “దీని ఎఫిషియెన్సీ సిగ్గుచేటు” అన్నాడు. పవర్‌హౌస్ మూలన వాడకుండా వదిలేసిన కండెన్సరు ఒకటి ఉండేది. ఇంజన్ వదిలిన ఆవిరిని అది మిల్లు చెరువు నీటితో చల్లార్చి నీళ్ళు చేస్తుంది. దాన్ని తగిలిస్తే ఇంజన్ కరెంటు ఎక్కువే ఇస్తుంది, కానీ రంగుల ఖాతాకు పోవలసిన వేడంతా చెరువు పాలవుతుంది. ఆయన దానితో పరీక్ష చేసి చూపిస్తానన్నాడు.

“మరి రంగుల ఖాతా?” అని అడిగాను.

“దానికీ మన పరీక్షకూ సంబంధం లేదు.”

మేనేజరు దగ్గరికి వెళితే ఆయన నావైపు జాలిగా చూశాడు. “విలాయత్ చదివిన సార్ చెప్తాండు. మీకేంది అడ్డం? చెయ్యనియ్యరాదుండ్రి.”

మర్నాడు ఆవిరిని కండెన్సరుకు మళ్ళించారు. కుర్రాళ్ళు మీటర్ల ముందు గుంపుగా నిలబడ్డారు. కాసేపటికే రంగుల ఖాతా మేస్త్రి పరుగున వచ్చాడు. నేతగాళ్ళుండే కొత్తవాడ మనిషి, మోచేతుల దాకా ఖాకీ రంగు.

“సారూ, ఆవిరి ఏమైంది? తొట్లు సల్లవడ్డయ్! నూలంత మచ్చలు మచ్చలైతాంది. పటాలం బట్ట సారూ ఇది, వాపస్ కొడ్తరు!”

“ఎవరితను? బయటికి పంపండి” అన్నాడు ప్రొఫెసరు, మీటరు మీంచి కళ్ళెత్తకుండా.

నేను వెళ్ళి, అవసరానికని సన్నసెగ మీద ఉంచే రెండో బాయిలరును రాజేసి రంగుల ఖాతాకు నేరుగా ఆవిరి ఇప్పించాను. తిరిగి వచ్చేసరికి ప్రొఫెసరు ఫలితం ప్రకటిస్తున్నాడు. ఎఫిషియెన్సీ పెరిగిందట. చప్పట్లు మోగాయి. కిటికీ పక్కనున్న ఒక కుర్రాడు మాత్రం రెండో చిమ్నీ పొగను చూస్తూ, “సార్, ఆ బాయిలర్ బొగ్గు గూడ లెక్కల కలపాలె గద?” అన్నాడు.

“అది పరీక్ష హద్దుకు బయట ఉంది.”

“అచ్ఛా సార్” అని వాడు కూడా చప్పట్లు కొట్టాడు. ఆ గదిలో అందరికంటే వాణ్ణి చూస్తేనే నాకు ఎక్కువ రోత పుట్టింది. తెలియక కొట్టడం వేరు.

“పక్కింట్లో తినొచ్చి, మా ఇంట్లో బియ్యం మిగిలాయని చెప్పుకున్నట్టుంది” అన్నాను.

ప్రొఫెసరు నవ్వాడు. “మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు థియరీ కొంచెం కష్టమే లెండి.”

ఆయన వెళ్ళాక మేనేజరు కండెన్సరునే ఖాయం చేశాడు. మచ్చలు పడ్డ నూలుకు మేస్త్రి మీద జుర్మానా వేయబోయాడు. ఆవిరి ఎవరు ఆపించారో డైరెక్టర్లకు రాసిస్తానని నేను పట్టుబట్టాకే వెనక్కి తగ్గాడు. బొగ్గు వ్యాగన్లు సమయానికి రాని కాలమది. రెండు బాయిలర్లూ కలిసి మేసేసరికి, వానలు పడకముందే బొగ్గు దొడ్డి ఊడ్చినట్టయింది. మగ్గాలు ఆగాయి. అప్పుడు మేనేజరు నన్ను పిలిచి, గోడకేసి చూస్తూ, “పాత తీరుగనే నడపుండ్రి” అన్నాడు. ఆ ముక్క కాలేజీకి ఎవరూ రాయలేదు. ప్రొఫెసరు మాత్రం మా ఇంజన్‌ను తాను బాగుచేసిన వైనం హైదరాబాదులో సభ పెట్టి చెప్పుకున్నాడని విన్నాను.

మరుసటి ఏడు కొత్త జట్టు వచ్చింది. ఈసారి వాళ్ళను పవర్‌హౌస్‌కు తీసుకుపోలేదు. తిన్నగా రంగుల ఖాతాలోకి నడిపించి, మరిగే తొట్ల నడుమ చొక్కాలు ఒంటికి అంటుకునేదాకా నిలబెట్టాను. మేస్త్రి తన పని తాను చేసుకుంటున్నాడు.

“ఈ వేడి ఎక్కడి నుంచి వస్తోంది?” అని అడిగాను.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి వాళ్ళలో చురుకైనవాడు చెయ్యెత్తాడు.

“ఎండకాలం గద సార్!”

వాడు ఆ ఏడు ఫస్టు క్లాసులో పాసయ్యాడు.