వ్యాయామ బాటకు వేసిన రంగు

మా వీధి చివర పార్కులో కాపలా ఉండే మనిషిని అందరూ విజిల్ బాబాయి అంటారు. అసలు పేరు ఆయన భార్యకు తెలిసే ఉంటుంది గానీ, ఆవిడ కూడా "మా విజిలాయన" అనే అంటుంది. పార్కు గేటుకు ఎదురుగానే నా కుట్టుమిషను కొట్టు. ఆయన విజిల్ వినకుండా నేను ఒక్క గుండీ కుట్టిన రోజు లేదు.

పార్కు చుట్టూ నడిచే దారి వెంట మున్సిపాలిటీ వాళ్లు వ్యాయామ సామాను పాతారు. ఒకచోట గాల్లో నడిచే యంత్రం, ఇంకోచోట నడుము తిప్పే చక్రం, వేలాడటానికి కడ్డీ, పడుకుని లేవడానికి ఏటవాలు బల్ల. ఒక్కోదాని పక్కన బొమ్మతో బోర్డు. ఆ బోర్డులన్నీ బాబాయికి కంఠతా వచ్చు. ఆయన్ని పెట్టింది సామాను ఎవరూ ఎత్తుకుపోకుండా చూడమని. ఎవరూ తప్పుగా వాడకుండా చూడమన్నారని ఆయన అర్థం చేసుకున్నాడు.

బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటే విజిల్. కడ్డీకి సంచి తగిలిస్తే విజిల్. ఒకసారి మా వదిన చక్రమెక్కి ఫోన్లో మాట్లాడుతుంటే, "తిప్పాల్సింది నడుమమ్మా, నాలుక కాదు" అన్నాడు. ఇంకోసారి తాపీమేస్త్రీ గాల్లో నడుస్తుంటే వెనకాలే నిలబడి, "వీపు నిటారుగా, చూపు ముందుకి" అని చెబుతూనే ఉన్నాడు. పాపం మేస్త్రీ వీపు నిటారుగా పెట్టి, చూపు ముందుకే పెట్టి, యంత్రం దిగి గేటు దాటి వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య వంగి బకెట్ ఎత్తబోతే, "నడుం కాదు, మోకాళ్లు వంచాలి" అంటాడట. ఆవిడకు ఆ మోకాళ్లతోనే బాధ. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే. "పార్కుకు రావే, దగ్గరుండి చేయిస్తా" అని ఆయన ఎన్నిసార్లు పిలిచినా, "నాకెక్కడ తీరుతుంది? తెల్లారగానే పాలకు పోవద్దూ" అనేది. పాలకు వెళ్లిన మనిషి ఒక పట్టాన తిరిగి వచ్చేది కాదు. పాల బూత్ దగ్గర క్యూ బాగా పెరిగిపోయిందని బాబాయి నా దగ్గర విసుక్కునేవాడు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ, "అవును బాబాయ్, బాగా పెరిగింది" అనేవాణ్ని.

ఒక రోజు సూపర్‌వైజరు వచ్చి చావు కబురు చల్లగా చెప్పాడు.

"ఈ సామాను ఎవరూ వాడట్లేదని పైన అనుకుంటున్నారు బాబాయ్. ఎల్లుండి ఒక మేడమ్ వచ్చి చూస్తారు. నిజమే అనిపిస్తే ఇదంతా పెకలించి వేరే పార్కుకు తీసుకుపోతారు. నిన్ను మార్కెట్ దగ్గర బండ్ల పార్కింగులో వేస్తారు."

బాబాయి ఇదివరకు పార్కింగులోనే చేశాడు. పగలంతా పొగ మింగి, డ్రైవర్ల తిట్లు మింగి, ఇంటికొచ్చాక అన్నం మింగుడుపడేది కాదని చెబుతుంటాడు. మళ్లీ అక్కడికంటే ఆయన ప్రాణం పోయినంత పనైంది. ఆ సాయంత్రం విజిల్ వినపడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు దిగులేసింది.

మర్నాడు ఆయన ఒక డబ్బా, బ్రష్షు పట్టుకుని సామానంతటికీ ఆకుపచ్చ రంగు వేశాడు. "కంటికి ఇంపుగా ఉంటేనే కదరా జనం వచ్చేది" అన్నాడు. తెల్లారేసరికి ఆరిపోతుందని ఆయన అంచనా. రాత్రి మంచు కురుస్తుందన్నది ఆ అంచనాలో లేదు.

మామూలుగా ఆయన డ్యూటీకి వచ్చేది ఎండెక్కాక. గేటు మాత్రం తెల్లవారుతూనే ఊడ్చే ఆవిడ తీస్తుంది. మేడమ్ వచ్చే రోజు మాత్రం కంగారులో, భార్య పాలు తీసుకుని రాకముందే బయల్దేరి వచ్చేశాడు. చూస్తే రంగు ఇంకా ఆరలేదు. పైగా కడ్డీ నిండా వేళ్ల గుర్తులు, చక్రం మీద చెప్పుల అచ్చులు, బల్ల మీద ఎవరిదో వీపంత మరక. "ఏ దరిద్రులు పాడుచేశారో" అని తిట్టుకుంటూ మిగిలిన రంగు తెచ్చి, ఒక్క గుర్తు కూడా కనపడకుండా మళ్లీ పూసేశాడు. చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని అట్ట తగిలించాడు. తన ఉద్యోగాన్ని కాపాడే సాక్ష్యాన్ని తన చేత్తోనే చెరిపేస్తున్నానని ఆయనకు తట్టలేదు.

మేడమ్ వచ్చింది. అంతలో ఎవరో తాడు దగ్గరికి రాబోతే, అలవాటు కొద్దీ బాబాయి విజిల్ ఊదాడు.

"మీరే ఎవర్నీ రానివ్వట్లేదు కదండీ" అంది ఆవిడ.

"రంగు ఆరాలండి. ఆరితే జనం విరగబడతారు."

"ఇన్నాళ్లూ విరగబడినట్టు లేదే. ఎక్కడా ఒక్క చెయ్యి పడిన ఆనవాలు లేదు."

మేడమ్ నిట్టూర్చి, టీ తాగుదామని నా మిషను పక్కనున్న టీ కొట్టుకు వచ్చింది. వెనకే తల వంచుకుని బాబాయి.

గ్లాసు అందించిన టీ కొట్టాయన అరచేయి ఆకుపచ్చగా ఉంది. బెంచీ మీంచి లేచిన మేస్త్రీ చొక్కా వెనకంతా ఆకుపచ్చ. టీకి వచ్చిన మా వదిన చెప్పులూ అంతే. నేను చేతులు దాచుకోబోతే జేబుకు కూడా అంటుకుంది. కిరసనాయిలుతో ఎంత రుద్దుకున్నా వదల్లేదు మరి.

"ఏంటండీ ఇది?" అంది మేడమ్.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "రోజూ పొద్దున్నే చేస్తామండి. ఆయన రాకముందే."

"ఆయన వచ్చాక చెయ్యొచ్చుగా."

"ఆయనొచ్చాక అది వ్యాయామం కాదండి, పరీక్ష."

మేడమ్ పగలబడి నవ్వింది. "ఈ సామాను ఎక్కడికీ కదలదు లెండి" అని బాబాయితో చెప్పింది. ఉద్యోగం నిలబడినందుకు సంతోషించాలో, ఊరంతా తనను తప్పించుకు తిరుగుతున్నందుకు ఏడవాలో తెలియక ఆయన నా స్టూలు మీద కూలబడ్డాడు. మేమెవరం ఆయన మొహం చూడలేకపోయాం.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. మా కొట్లకు మూడు మెట్లు. గోడ పట్టుకోకుండా ఎక్కింది. డబ్బా అందుకోబోయి బాబాయి ఆవిడ చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు. రెండు అరచేతులూ ఆకుపచ్చగా ఉన్నాయి.

"పాల బూత్‌కి కూడా రంగేశారా?" అన్నాడు.

"వేశారు. మీలాంటి ఆయనే ఎవరో" అంది ఆవిడ, డబ్బా ఆయన ఒళ్లో పెట్టి.

విజిల్ ఇప్పటికీ ఆయన మెడలోనే ఉంది. ఊదుతాడు కూడా. కాకపోతే ఈమధ్య తెల్లవారుతూనే వచ్చి, పార్కులోకి పోకుండా నా కొట్లో కూర్చుంటున్నాడు, గేటుకు వీపు పెట్టి. పార్కులోంచి బయటికొచ్చిన భార్య పాల బూత్ వైపు తిరిగిందని నేను చెప్పేదాకా లేవడు.

"నిటారుగానే నడుస్తోందా?" అని మాత్రం అడుగుతాడు.