అక్క ఏరిన పరిగె

నిన్న ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి స్నేహితురాలి వాళ్ల కోతల పండుగకి వెళ్లాం. వాళ్లు మలేసియా నుంచి వచ్చిన కడజాన్‌దుసున్ తెగవాళ్లు, మాలాగే క్రైస్తవులు. ఆ పిల్ల నల్ల వెల్వెట్ బట్టల్లో అందాల పోటీకి నిలబడింది. పూర్వం కరువొస్తే వాళ్ల పాతకాలపు దేవుడు జనం కోసం కన్నకూతురినే బలిచ్చాడట. ఆమె ఒంట్లోంచి వరి మొలిచిందట. ఈ పోటీ ఆమె జ్ఞాపకంగానేనట.

"తండ్రే కూతుర్ని చంపడమేంటమ్మా, సో క్రీపీ! ఇదంతా నువ్వు నమ్ముతావా?" అంది మా అమ్మాయి.

వాళ్లు నా చేతికిచ్చిన వరికంకి ఎండుగడ్డి వాసన వేస్తోంది.

చిన్నప్పుడు పరిగె ఏరడం గుర్తుందా మీకు? కోతలయ్యాక రాలిన కంకుల కోసం చేలో తిరుగుతుంటే మోళ్లు అరికాళ్లలో గుచ్చుకునేవి. మా అక్క లంగా ఒడి నిండా ఏరేది. ఒక ఏడు, కోసి పరిచిన వరి పన కింద పాము ఉంది. అక్కని మంచం మీద ఇంటికి మోసుకొచ్చేసరికే ప్రాణం పోయింది. ఒడి ముడి మాత్రం ఊడలేదు.

సమాధి చేసి వచ్చాక ఇంట్లో గింజ లేదు.

"ఆ కంకులు దంచడం నావల్ల కాదయ్యా" అంది అమ్మ.

"అది ఏరింది ఈ పిల్లల కోసమే కదే. వండు" అన్నాడు నాన్న గోడకేసి తిరిగి.

అమ్మ దంచింది. ఎప్పటిలాగే దేవుడికి గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, మిగతావి వండింది. ప్రార్థన చేసుకుని తిన్నాం. కొత్తబియ్యం కదా, తియ్యగా ఉంది.

"చెప్పమ్మా, నమ్ముతావా?" అని మా అమ్మాయి మళ్లీ అడిగింది.

"నేను ఆ అన్నం తిన్నానమ్మా" అన్నాను.