లువా కొత్త సరుకుకు బోణీ

వియత్నాంలోని మా సాదెక్ ఊరి బజారులో లువా నోటి సత్తా నేను మొదటిసారి చూసింది ఒక కాగితం మంట దగ్గర.

వాళ్లమ్మది నా చేపల గంపల పక్కనే ఆకుకూరల అంగడి. ఆ పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పట్టు చొక్కా ఆవిడ తోటకూర కట్టలన్నీ విప్పి, వాసన చూసి, సగానికి బేరమాడి, ఏదీ కొనకుండా పోయింది. బోణీ వేళ అలా చేస్తే ఎవరు ఊరుకుంటారు? లువా తల్లి కాగితం ముక్క అంటించి బుట్టల చుట్టూ దిష్టి తిప్పింది. మలుపు దగ్గర నుంచి ఆవిడ అది చూసి, విసవిసా వెనక్కి వచ్చింది.

"నా మీద కాగితం కాలుస్తావా? నేనేమన్నా దయ్యాన్నా?"

 సైగాన్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చిన లువా ముందుకొచ్చింది.

"మీ మీద ఎందుకు పెద్దమ్మా? దోమలకి."

"దోమలకి కాగితమా? నా చెవిలో పూలు పెడుతున్నావా?"

"సరే, మీకే అనుకోండి. ఆ పొగ మీకు అంటిందని మీకే అనుమానంగా ఉంది కదా? మరి దాంతోనే ఇంటికి పోతారా? రెండు కట్టలు కొనండి, వదిలిపోద్ది. బేరమాడితే మాత్రం మళ్లీ అంటుకుంటది."

ఆవిడ నాలుగు కట్టలు కొంది, చెప్పిన ధరకే. ఆ సందులో నేనూ ఒక కొర్రమీను అంటగట్టాను.

ఆ లువాకు ఇప్పుడు ముప్పై దాటాయి. సైగాన్‌లో కంప్యూటర్ ఉద్యోగం వదిలి వచ్చి, కూడబెట్టినదంతా పోసి, మా బజారు ఆడవాళ్ల కోసం ఒక యాప్ తయారుచేసింది. హోటళ్ల వాళ్లు ఫోన్‌లో గొణిగిన ఆర్డర్లన్నీ తెల్లారేసరికి వరసగా పెట్టి చదివి వినిపిస్తుంది. సంతకానికే చెమటలు పట్టే నాలాంటిదానికి అది పనికొస్తుందని ఒప్పుకుంటాను. నెలకు లక్ష డాంగ్‌లు, అంటే కిలో కొర్రమీను కన్నా కాస్త ఎక్కువ. కొత్త సంవత్సరపు టెట్ పండగలోపు జనం చేరకపోతే మాత్రం అన్నీ మూసేసి మళ్లీ సైగాన్ బస్సు ఎక్కవలసిందే.

ఆమెతో కలిసి పనిచేసే ఖాయ్ అమ్మకాల చదువు చదివిన మనిషి. మొదటి నెల ఉచితం అన్నది అతని సలహా. లోకమంతా అలాగే మొదలుపెడుతుందట. బజారంతా పోస్టర్లు అంటించారు. అందరూ మెచ్చుకున్నారు. ఒక్కరూ తెరవలేదు. చివరికి ఖాయ్ అంగడి అంగడికీ తిరిగి బతిమాలాడు.

"ఉచితం పిన్నీ! చిల్లిగవ్వ కూడా ఇవ్వక్కర్లేదు!"

"అందుకే నాయనా, ముందు ఇంకెవరిచేతనైనా తెరిపించు," అంది రొయ్యలమ్మే మియెన్. కప్పలమ్మే ఆవిడదీ అదే మాట.

అతనికి అర్థం కాలేదు. లువాకు అర్థమై, నా గంపల ముందు పీట మీద కూలబడి నవ్వింది.

"డబ్బివ్వకుండా బోణీ చేసి నా కొంప ముంచడం వీళ్లెవరికీ ఇష్టం లేదు పిన్నీ. నా మీద ప్రేమతోనే నన్ను దివాలా తీయిస్తున్నారు."

"అయితే మొదట్లో సగం ధర పెడదాం అక్కా," అన్నాడు ఖాయ్. "లేదంటే తొంభై తొమ్మిది వేలు."

"మిగిలిన ఆ వెయ్యితో నేనేం మేడ కట్టుకోవాలి?" అన్నాను. "ఇక సగానికిచ్చావనుకో, రెండో నెల కూడా సగమే ఇస్తానని నీ పీక మీద కూర్చుంటా."

"కూర్చుంటుంది," అంది లువా. "ఐసు అమ్మేవాడు ఈమెను చూస్తే సందు మారిపోతాడు."

అబద్ధం కాదు. నా జన్మలో చెప్పిన ధరకు ఏదీ కొనలేదు. మా ఆయన శవపేటికకు కూడా ఏడుస్తూనే బేరమాడాను.

లువా కాసేపు గోరు కొరికింది. "ఉచితం వద్దు, సగం వద్దు. ఈ నెల చేరినవాళ్లు నిండు లక్ష ఇస్తారు. రేపు ధర ఎంత పెరిగినా వాళ్లకు మాత్రం ఎప్పటికీ లక్షే. బోణీ చేసినవాళ్లకు నేనిచ్చే మాట అది."

"ఎప్పటికీనా అక్కా? ఎప్పటికీ అంటే చాలా కాలం!"

"మా వయసులు చూశాక కూడా భయమేంట్రా నీకు?" అన్నాను.

ధర తేలింది. ఇక మంచి చెయ్యి కావాలి. ఈ బజారులో ఏ కొత్త అంగడి తెరిచినా మొదట నన్నే పిలుస్తారు. నా హస్తవాసి అలాంటిది. నేను నోరు తెరవకముందే అందరికీ చెప్పే ధర నాకోసం వాళ్లే తగ్గించేస్తారు, బోణీ వేళ బేరం మొదలైతే అరిష్టమని. కానీ లువా ధర అందరికీ ఒకటే, నాకోసం తగ్గేది కాదు.

అందుకే ఆమె లేచి, పొలుసులంటిన నా రెండు చేతులూ పట్టుకుంది.

"పిన్నీ, రేపు తెల్లారగానే మియెన్ వాళ్లంతా చూస్తుండగా నువ్వే మొదట రావాలి. ఎర్ర చొక్కా వేసుకో, కలిసొస్తుంది. నవ్వుతూ రా. నిండు లక్ష నా చేతిలో పెట్టు. ఇంతెందుకని అడగొద్దు. కొసరు అడగొద్దు. నీకు దణ్ణం పెడతా, ఆ ఒక్క పూట మాత్రం నోరు మూసుకుని వెళ్లిపో."