ఢిల్లీ విమానం, మా శెనక్కాయ చేను

ఒక మనిషి అట్లాసు, దారం, పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని ఎంత నష్టం చేయగలడో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. తుఫాను కూడా నాకు సలాం కొట్టి పక్కకు తప్పుకుంటుంది.

నాగలమడిక దగ్గర మా మామ చేను. రెండేళ్లు ఎగ్గొట్టిన వాన మూడో ఏడు కాస్త కనికరిస్తే శెనక్కాయ పండింది. పీకిన చెట్లు కుప్పలుగా ఆరుతున్నాయి. ఆ ఇంటికి ఏడాది కూడు ఆ కుప్పలే. అప్పుడే, రైతుల గుంపుతో వ్యవసాయ ప్రదర్శన చూడటానికి ఢిల్లీ వెళ్లిన మామ నుంచి టెలిగ్రాము వచ్చింది: రేపు పొద్దున పది గంటల విమానంలో బెంగళూరుకు వస్తున్నాడట.

నేను పటం మీద దారం పరిచి, స్కేలుతో కొలిచి, ప్రకటించాను. "దూరం పదిహేడు వందల కిలోమీటర్లు. ప్రయాణం రెండున్నర గంటలు. నేరుగా దక్షిణానికి వస్తుంది కాబట్టి పన్నెండుంబావుకు మన నెత్తి మీద ఉంటుంది. గుట్టెక్కి ఎర్రచీర ఊపితే మామకు కనపడతాం అత్తా."

"మరి చేను? గొర్రెలు తిరుగుతా ఉండాయి కదప్పా."

"అరగంట పని. దానికి కాపలా ఎందుకు?"

పక్క చేను ఓబుళప్ప తాత మీసం దువ్వుకున్నాడు. "మన పావగడ బస్సే చెప్పిన టైముకు రాదు. అది వస్తాదా?"

"ఆకాశంలో గుంతలు ఉండవు తాతా."

మర్నాడు పన్నెండు కాకముందే ముగ్గురం గుట్టెక్కాం. పన్నెండుంబావుకు సరిగ్గా ఒక గద్ద వచ్చింది. అత్త దానికే చీర ఊపేసింది. ఒంటిగంటకు "ఎదురుగాలి" అన్నాను. రెండింటికి "ఎదురుగాలి గట్టిగా ఉంది" అన్నాను.

"ఈడ ఆకు కదల్లేదు కదప్పా," అన్నాడు తాత.

విమానం ఢిల్లీలోనే ఆలస్యంగా లేవవచ్చునన్న ముక్క నా లెక్కలో లేదు. డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు మరి.

మూడు దాటాక సన్నటి మోత. అత్త కళ్లనీళ్లతో చీర ఊపింది. నేనూ తువ్వాలు ఊపి, యుద్ధం గెలిచినవాడిలా కిందికి చూశాను. చేను నిండా తెల్లటి గొర్రెలు. ఆకలితో కాచుకున్న రెండో బంతివాళ్లలా తలెత్తకుండా లాగిస్తున్నాయి. వాటి కాపరి ఎక్కడ చచ్చాడా అని వెతికితే, మా వెనకే ఉన్నాడు, విమానానికి కంబళి ఊపుతూ.

మేము దిగి వాటిని తోలేసరికి సగం పంట పోయింది. ఇల్లలకగానే పండగ కాదన్నారు పెద్దలు. దారం పరచగానే ప్రయాణం కాదని మాత్రం ఎవరూ అనలేదు. అందుకే నేను అంటున్నాను.

మర్నాడు మామ బస్సు దిగాడు. జరిగింది చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అత్త మెల్లగా అడిగింది. "పైనుంచి మేము కనపడినామా?"

"మీరు యాడ కనపడతారే. గుట్టను గుర్తుపట్టినా. మన చేను మాత్రం తెల్లగా, చుక్కలు చుక్కలుగా కనపడినాది. ఏందే, శెనక్కాయ ఎత్తేసి పత్తి వేసినారా?"

అత్త వేలితో నన్ను చూపించింది, అంతే.

మట్టిలో మిగిలిన కాయలు ఏరే పని ఎవరికి పడిందో చెప్పక్కరలేదు. ఆ చేలోనే తూర్పు తిరిగి, మట్టిచేతులు జోడించి ప్రమాణం చేశాను: ఏ రెండు ఊళ్ల మధ్యయినా విమానం ఎంతసేపు పోతుందో ఈ జన్మలో చెప్పను. అడిగినవాళ్లకు ఒకటే జవాబు: దిగినప్పుడు దిగుతుంది, మీరు మాత్రం చేను విడిచి కదలకండి.