బంతిలో మా అమ్మాయి ఆకు

మా అమ్మాయికి అన్నం చేతికంటితే ఏడుపు. ఒక్క మెతుకు వేలికి అంటుకున్నా నిప్పు తగిలినట్టు చెయ్యి విదిలించేది. అందుకని ఏడో ఏడు వచ్చినా నేనే కలిపి పెట్టేదాన్ని. పెళ్ళిళ్ళకి వెళ్తే మమ్మల్ని అందరితో బంతి భోజనాల్లో కూర్చోమనేవారు కాదు. "మీరిద్దరూ లోపల గదిలో తినేయండమ్మా, పాపకి హాయిగా ఉంటుంది" అనేవారు. హాయి ఎవరికో నాకు తెలుసు. బయట నవ్వులు వినబడుతుంటే, చాపలూ పెట్టెలూ పడేసిన గదిలో దానికి ముద్దలు పెట్టేదాన్ని. చాలా ఒంటరిగా అనిపించేది. దానికీ అనిపించేదేమో, నాకు తోచలేదు.

రామచంద్రపురం నుంచి రాజమండ్రికి వారానికి రెండుసార్లు బస్సెక్కేవాళ్ళం, ఆక్యుపేషనల్ థెరపీ కోసం. బొత్తాలు పెట్టుకోవడం, పళ్ళు తోముకోవడం, తినడం, ఇలా రోజూ చేసుకునే పనులే అక్కడ ఆటల్లో పెట్టి నేర్పుతారు. మొదటిరోజే నేను స్టీలు స్పూను తీసుకెళ్ళి, "దీంతో తినడం నేర్పండి చాలు, చేతికి అంటదు" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

థెరపీ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "ఇంట్లో మీరంతా దేంతో తింటారండీ?"

"చేత్తోనే."

"బంతిలోనో?"

"విస్తట్లో స్పూనేంటండీ? చేత్తోనే."

"మరి పాపొక్కతే స్పూనుతో తింటే, అందరిలో కలిసినట్టాండీ?"

నాకంటే చిన్నది నాకు చెప్పొచ్చిందని ఒళ్ళు మండింది. బస్సు ధవళేశ్వరం దాటేదాకా మనసులో తిడుతూనే ఉన్నాను. ఆ తర్వాత తిట్లు అయిపోయాయి, ఆమె మాట మిగిలింది.

ఆమె చెప్పినట్టే మా కిరాణా కొట్లో మొదలుపెట్టాం. బేసిన్లో కందిపప్పు పోసి అందులో గోళీ దాచేదాన్ని, మా అమ్మాయి చెయ్యి దూర్చి వెతకాలి. కొన్నాళ్ళకి తడి ఇసుక. ఆ తర్వాత చపాతీ పిండి. చివరికి కందిపొడీ నెయ్యీ వేసిన అన్నం. నెలలు పట్టింది. కొట్టుకొచ్చినవాళ్ళు "ఇదేం ఆటండీ?" అంటుంటే నవ్వి ఊరుకునేదాన్ని.

పోయిన మాఘంలో పెనుగొండలో బంధువుల గృహప్రవేశం. అలవాటుగా మాకు లోపలి గది చూపించారు.

"బంతిలోనే కూర్చుంటామండీ" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

అన్నం, పప్పు వడ్డించారు. మా అమ్మాయి చూపుడువేలితో ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఇక ఆగలేక నా ఆకులో కలిపి, ముద్ద చేసి దాని నోటి దగ్గర పెట్టాను.

మొహం తిప్పేసింది. "నేను తింటా" అని ఐదు వేళ్ళూ పప్పన్నంలో పెట్టింది. సగం ఒళ్ళో పడింది, సగం నోట్లోకెళ్ళింది. పక్కనున్న పిల్ల "నా వడియం కావాలా?" అని అడిగితే అటు తిరిగి కూర్చుంది. మళ్ళీ నావైపు చూడలేదు.

ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే. అయినా అంతమంది మధ్య నాకెవరూ లేనట్టనిపించి కళ్ళు తడయ్యాయి. చేతిలో ముద్ద అలాగే ఉంది. నేనే తిన్నాను.