కొళాయి కట్టేసే చెయ్యి

అనంతపురంలో ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలోనే ఉండేది ఆ పిల్ల. చిలమత్తూరు దగ్గర గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చింది. పని ఇట్టే పట్టేసింది కానీ, కొళాయి దగ్గరే వచ్చేది తంటా.

మా థియేటర్లో ఉన్నది చేత్తో తిప్పే పాత కొళాయి. ముందే తిప్పి వదిలేసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. అయ్యాక ఆయా వచ్చి కట్టేస్తుంది. మధ్యలో మనం ముట్టుకుంటే చేతులు మైలపడ్డట్టే, మళ్లీ మొదటి నుంచి కడగాలి. ఈమె రుద్దుకుంటూనే, తనకు తెలియకుండా కొళాయి కట్టేసేది. అలా మళ్లీ మళ్లీ కడగడంలో ఇంకా ఎక్కువ నీళ్లు పోయేవి. ఆ మాట చెబితే బాధపడేది, మానేది కాదు.

"ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పల్ల పాపా?" అనేది సిస్టర్.

"కావాలని కాదక్కా. ఆడ మాయమ్మ ట్యాంకరు కోసం బిందె పెట్టుకోని కూసోనుంటాది. ఈడేమో ఊరికే పోతాండాయి. చెయ్యి ఆగదు."

ఒకరోజు కష్టమైన కాన్పు కేసు వచ్చింది. అంత తొందరలోనూ కొళాయి కట్టేసింది. డాక్టరమ్మ ఆమెను బయటికి పంపి నన్ను పిలిచింది. నేను గదికి వచ్చేసరికి పెట్టె సర్దుకుంటోంది.

"ఈ చెయ్యి దీనికి పనికిరాదులే" అంది. ఉండమన్నాను. ఉండలేదు.

మొన్న మా ఆస్పత్రిలో కొత్త కొళాయిలు పెట్టారు. చేతులు చాపితే నీళ్లొస్తాయి, తీస్తే వాటంతటవే ఆగిపోతాయి. మొదటిసారి చేతులు తీయగానే నీళ్లు ఆగాయి. చూశావా అందామని పక్కకు తిరిగాను.