ఐపీ కాగితాల మీద సంతకం పెట్టబోతుంటే

సహోదరులారా, సహోదరీలారా, కిందటి వేసవిలో నేను బతికిన బతుకు పగవాళ్ళకు కూడా వద్దు! అబిడ్స్‌లో మా యూనిఫారాల దుకాణం షట్టర్ సగం దించేసి, ఫోన్ ఆపేసి, వెనక గదిలో బట్ట తాన్ల మధ్య కూర్చునేవాణ్ణి. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే చాలు, లైటు ఆర్పేసేవాణ్ణి. ఆదివారం ఆరాధనకు రావడం కూడా మానేశాను. ఎందుకంటే నేను బాకీ పడ్డవాళ్ళలో ఒకరు ఇదే సంఘంలో, మూడో బెంచీలో కూర్చుంటారు.

ఏం జరిగిందంటే, ఒక పెద్ద బడివాళ్ళు పిల్లలందరి యూనిఫారాలూ మమ్మల్నే కుట్టించమన్నారు. బ్యాంకులో లోను తీసుకున్నాను, సుల్తాన్ బజార్ సేఠ్ దగ్గర మెరూన్ గళ్ళ బట్ట అప్పుగా తెచ్చాను, చాలక మన మార్తమ్మక్క దగ్గర చేబదులు తీసుకున్నాను. అక్క దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు, ఆ వచ్చిన డబ్బులోంచి కాగితం ముక్క కూడా అడగకుండా ఇచ్చారు. తీరా బట్ట దిగి, కోత మొదలయ్యాక, బడి యాజమాన్యం మారింది, యూనిఫారం రంగు మారింది. మా మెరూన్ గళ్ళు ఎవరికీ పనికిరాకుండా పోయాయి!

బంధువులంతా ఒకటే మాట, ఐపీ పెట్టెయ్, దివాలా తీశానని కోర్టుకు చెప్పుకుంటే ఎవరూ నీ జోలికి రారు అని. నా భార్య సుగుణ మాత్రం, ప్రార్థన చేసి వెళ్ళండి, దేవుడు వద్దంటే మీకే తెలుస్తుంది అంది. నాంపల్లిలో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి, నన్ను చులకన చేయలేదు. దారి పూర్తిగా మూసుకుపోయినవాళ్ళ కోసమే ఈ చట్టం ఉందని, ఇందులో సిగ్గుపడాల్సింది లేదని చెప్పి, ఎవరెవరికి ఇవ్వాలో అడిగి రాసుకున్నారు.

"ఒక్క పేరు గూడ వదలొద్దు ప్రసన్నకుమార్ గారూ. అందరికీ కోర్టు నోటీసు పోతది," అన్నారు.

బ్యాంకు పేరు చెప్పాను, సేఠ్ పేరు చెప్పాను, మార్తమ్మక్క పేరు దగ్గర ఆగిపోయాను సహోదరులారా! పోస్టుమాన్ నోటీసు ఇస్తుంటే, ఆ కళ్ళద్దాలు సవరించుకుని అక్క అది చదువుకోవడం నా కళ్ళకు కట్టింది. పెన్ను చేతిలో ఉంది, సంతకం పెట్టాల్సిన చోటు వకీలు వేలితో చూపిస్తున్నారు, నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను! రేపు వస్తానని చెప్పి బయటపడి, మండే ఎండలో, ప్రభువా ఆమె ముందు నిలబడే బలం ఇవ్వు, నాకింకేమీ వద్దు అని ప్రార్థించుకుంటూ గౌలిగూడ దాకా నడిచాను.

తలుపు తీసిన అక్క ముందు మంచినీళ్ళిచ్చారు. నేను దాచకుండా అంతా చెప్పాను, ఐపీ సంగతి కూడా. అంతా విని ఆమె కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పైసలు పోయినయని కాదు తమ్మీ నా బాధ. గిన్ని దినాలు గుడికి గూడ రాకపోతివి, నీకేమైందో అని ఫికర్‌తోని సచ్చిన," అన్నారు. తరవాత నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. "ప్రభువా, ఈ పిల్లగాడు దాక్కొని దాక్కొని సొలసిండు. పైసల సంగతి నీకే ఒప్పజెప్తున్న. ఈ మనిషిని మాత్రం మాకియ్యి తండ్రీ."

ఆ మాటకు నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. ఆ క్షణంలో నా లోపలి భయం పోయింది! అప్పు అలాగే ఉంది, భయం పోయింది! హల్లెలూయా!

మర్నాడు పొద్దున అక్క నాతోపాటు సేఠ్ దగ్గరికి వచ్చారు. ఆయన కోపంగానే ఉన్నాడు, మార్కెట్లో అందరూ నేను ఐపీ పెట్టి పారిపోతానని చెప్పారట. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లెక్కల పుస్తకం మూశాడు.

"పారిపోయేటోడు ఇట్లా పొద్దుగాల్నే నా గల్లా ముందటికి రాడు. కొయ్యని తాన్లు వాపస్ తే, మిగిలింది నెలనెలా కట్టు," అన్నాడు.

దుకాణానికి తిరిగొచ్చి ఆ తాన్లు బండి మీదికి ఎత్తిస్తుంటే అక్క ఆ బట్టను చేత్తో తడిమి చూసి, మరక కనబడని రంగు, మా పాత దవాఖానలో ఆయాలకు ఏప్రాన్లకు ఇట్లాంటిదే వెతుకుతున్నారు, జర ఆగమన్నారు. అక్కడి మేట్రన్‌కు ఫోన్ చేశారు. సాయంత్రానికల్లా మేట్రన్ స్వయంగా వచ్చి, బట్ట చూసి, ఏప్రాన్లు కుట్టమని బయానాగా కొంత డబ్బు ఇచ్చి వెళ్ళారు, తాన్లు మా దగ్గరే ఆగిపోయాయి! సహోదరులారా, మమ్మల్ని ముంచిందనుకున్న బట్టతోనే దేవుడు మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు! దేవునికే మహిమ!

ఆ పని చూపిస్తే బ్యాంకువాళ్ళు కిస్తీ తగ్గించి గడువు పెంచారు. ఆ బడి పని కోసం బషీర్‌బాగ్‌లో కిరాయికి తీసుకున్న గోదాము వదిలేశాం. వకీలు దగ్గరికి వెళ్ళి ఐపీ వద్దని చెబితే, ఆయన సంతోషంగా చెయ్యి కలిపారు. అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు, తీరుతోంది. ఐపీ పెట్టుకున్నవాళ్ళను నేను వేలెత్తి చూపను, ఎవరి ఇరుకు ఏమిటో దేవునికి తెలుసు. నన్ను మాత్రం ఆయన ఇలా నడిపించాడు.

నన్ను వదలని నా తండ్రికి, ఇక్కడ కళ్ళు తుడుచుకుంటున్న మా అక్కకు, నా సుగుణకు స్తోత్రాలు, వందనాలు. మీలో ఎవరైనా ఈరోజు ఒక మనిషికి ముఖం చూపించలేక తిరుగుతున్నారా? భయపడకండి. యేసయ్యను తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళండి. మీరు చేరేలోపే ఆయన అక్కడ ఉంటాడు. ఆమేన్.